ఇంటర్నెట్ – మన ఇళ్లలోని మూడు తరాలు

(సంఘం వార్షిక సమావేశంలో, పుంగనూరులో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌ను ఏ వయసువారు ఎట్లా వాడుతున్నారో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు మమ్మల్ని కోరారు. మేము ఇంజనీరులం కాము. కంప్యూటరు చదువు చదివినవాళ్లమూ కాము. ఈ విషయం మాట్లాడటానికి మాకున్న అర్హత ఒక్కటే. మా ఇంట్లో మూడు తరాలున్నాయి, నాలుగు ఫోన్లున్నాయి, వాటి గురించి రోజూ తగాదా ఉంది. ఈ మాట అనగానే ఇక్కడ చాలామంది నవ్వారు కాబట్టి, మీ ఇళ్లలోనూ ఇదే కథ అని మాకు ధైర్యం వచ్చింది.

ముందుగా చంద్రదర్శనం రోజు ముచ్చట ఒకటి మనవి చేస్తాము. మొన్నటి రంజాన్‌లో ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం, ఇఫ్తార్ కాగానే మా తండ్రిగారు ఎప్పటిలాగే మిద్దె ఎక్కారు. ఆయనకు ఎనభై దగ్గర పడింది, చూపు మందగించింది, అయినా మిద్దె ఎక్కకపోతే ఆయనకు పండుగ కాదు. మేము చేతిలో ఫోను పట్టుకుని, మసీదు కమిటీ గ్రూపులో ప్రకటన ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాము. మా అబ్బాయి, తొమ్మిదో తరగతి, చంద్రుడు ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉన్నాడో చూపించే యాప్ తెరిచి, "దాదా, అటు కాదు, ఇటు చూడండి" అని ఆయన భుజం పట్టి తిప్పుతున్నాడు. ఇంతలో మా తండ్రిగారి ఫోనులో వరుసగా టింగు టింగుమని మెసేజీలు. కువైట్ నుంచి మా తమ్ముడు "ఈద్ ముబారక్" అన్నాడు. అక్కడ సాధారణంగా మనకంటే ఒకరోజు ముందే పండుగ. ఆ వెంటనే ఇంకెవరో చంద్రుడు కనిపించాడన్న ప్రకటన పంపారు. తీరా చూస్తే అది పోయిన సంవత్సరపు ప్రకటన. మా తండ్రిగారు మాత్రం, "పంపింది మన మస్తాన్ మేస్త్రీ. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడు" అని పట్టుబట్టారు.

ఆ రాత్రి మేము ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. పెద్దవాళ్లు పంపిన మనిషిని చూస్తారు. పిల్లలు మనిషిని చూడరు, తెరమీద కనిపించేదాన్ని చూస్తారు. మధ్యలో ఉన్న మాబోటివాళ్లం, ఇది పనికొచ్చేదా, మన పని అవుతుందా అని చూస్తాము. వయసుకూ వయసుకూ ఉన్న అసలు తేడా ఇదేనని మాకనిపిస్తుంది. ముసలివాళ్లకు ఫోను రాదు, పిల్లలకు వచ్చు అని అందరూ అనుకునే మాటలో సగమే నిజం.

పెద్దవాళ్ల సంగతి ముందు చెప్పుకుందాం.

మన పుంగనూరు, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్‌కూ సౌదీకీ పోయిన ఇళ్లు ఎన్నో మీకు మేము చెప్పనక్కరలేదు. 1980లలో అక్కడికి పోయినవాళ్లు ఉత్తరాలు రాసేవారు. చదవటం రాని తల్లులు ఆ ఉత్తరం పట్టుకుని చదివే మనిషి కోసం వీధి వీధీ తిరిగేవారు. తర్వాత టేపు క్యాసెట్లు వచ్చాయి. ఊరికి వచ్చే ఎవరి చేతనో కొడుకు ఒక క్యాసెట్టు పంపిస్తే, ఇల్లంతా టేపు రికార్డరు చుట్టూ కూర్చుని వినేది. దాని వెనుక వైపు మేము మా మాటలు రికార్డు చేసి పంపేవాళ్లం. మా అమ్మ అందులో చెప్పిన మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "తిన్నావా?" ఆ ప్రశ్నకు జవాబు రావటానికి రెండు నెలలు పట్టేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ రోజుల్లో మన వీధుల్లో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వారాల తరబడి కబురు లేదు. ఫోను లేదు, ఉత్తరం లేదు. మన ప్రభుత్వం విమానాలు పెట్టి, జోర్డాన్ లోని అమ్మాన్ మీదుగా దాదాపు 1,70,000 మంది భారతీయులను వెనక్కి తెచ్చింది. ఎవరు వస్తున్నారో, ఎవరు రాలేదో, మనిషి గుమ్మంలో నిలబడేదాకా ఇక్కడివాళ్లకు తెలియదు.

ఇప్పుడు మా అమ్మ తెల్లవారి ఫజర్ నమాజు కాగానే ఫోను తీస్తుంది. ఆమెకు తెలుగు చదవటం రాదు, ఉర్దూ మాత్రం కూడబలుక్కుని చదువుతుంది. ఫోనులో మా తమ్ముడి ఫోటో నొక్కి, పేరు కింద వచ్చే చిన్న అక్షరాలను చూస్తుంది. అతను చివరిసారి ఎప్పుడు ఫోను చూశాడో అక్కడ ఉంటుంది. ఆ అంకెలను గోడ గడియారంతో పోల్చుకుని, కువైట్ లెక్క రెండున్నర గంటలు తీసేసి, "లేచినాడు, పనికి పోయినాడు" అంటుంది. అంతే, ఫోను పక్కన పెట్టి చాయ్ పెట్టటానికి పోతుంది. మెసేజీ రాయలేదు, మాట్లాడలేదు. ఇది కూడా ఇంటర్నెట్ వాడకమేనని ఏ లెక్కల్లో రాస్తారో మాకు తెలియదు. 1990లో ఎదురుచూసిన తల్లికి దీని విలువ తెలుసు. పొద్దున్నే పెద్దవాళ్లు పంపే పూల బొమ్మలను, "శుభోదయం"లను చూసి పిల్లలు నవ్వుతారు. మేమూ నవ్వాము. అవి పూల బొమ్మలు కావు, "ఇక్కడ నేను బతికే ఉన్నాను, నువ్వు బాగున్నావా" అనే హాజరు పిలుపు.

లిపి విషయం కూడా చెప్పాలి. మన పెద్దలు ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివినవారు. మా వయసువాళ్లం చాలామందిమి తెలుగు మీడియంలో చదివాము. మా పిల్లలు ఇంగ్లీషు మీడియం. వాళ్లు ఇంట్లో మాట్లాడే భాషనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. మనవడు నానీకి ఆమె సొంత భాషలో రాసిన మెసేజీని ఆ నానీ చదవలేదు. ఇదొక విచిత్రం! మాటల్ని రికార్డు చేసి పంపే సదుపాయం వాట్సాప్‌లో 2013లో వచ్చింది. అది వచ్చాక చదువు రాని ముసలమ్మకు ఉత్తరం చదివిపెట్టే మనిషి అక్కర లేకుండా పోయింది. పాత క్యాసెట్టే చిన్నదై మళ్లీ ఇంటికి వచ్చిందన్నమాట. అందుకే మన పెద్దలు రాయరు, మాట్లాడతారు. పిల్లలకు మాత్రం వాయిస్ మెసేజి వినటం చిరాకు. "దాదీ మూడు నిమిషాలు మాట్లాడింది, విషయం అర నిమిషం" అంటాడు మావాడు.

ఇక మా వయసువాళ్ల సంగతి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది, అదీ పెద్ద నగరాలకే. మన దాకా రావటానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అయితే మన పక్కనే ఉన్న కుప్పానికి ఒక ప్రత్యేకత ఉంది. 2002లో హ్యూలెట్ పాకార్డ్ అనే అమెరికా కంపెనీ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి, కుప్పం చుట్టుపక్కల మండలాల్లో 'ఐ-కమ్యూనిటీ' అనే మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లు పెట్టారు. దేశవిదేశాల పత్రికలు దాని గురించి రాశాయి. అందులో బాగా పేరు వచ్చింది మాత్రం పొదుపు సంఘాల ఆడవాళ్లు చేసిన పనికి. వాళ్లకు డిజిటల్ కెమెరాలు, సూర్యరశ్మితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చారు. వాళ్లు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకున్నారు. చదువుకున్న కుర్రవాళ్ల కోసం వచ్చిందనుకున్న యంత్రాన్ని నడివయసు ఆడవాళ్లు సంపాదన చేసుకున్నారు. కార్యక్రమం గడువు తీరింది, కంపెనీ వెళ్లిపోయింది. కానీ ఏ వయసువాళ్లకు ఏది పనికొస్తుందో పైనుంచి చూసేవాళ్లకు ముందుగా తెలియదని మాకు అర్థమైంది.

మాకు ఇంటర్నెట్ అంటే నెట్ సెంటర్. ప్లైవుడ్ గూళ్లు, పరదాలు, గంట లెక్కన డబ్బులు. ఎంసెట్ ఫలితాల రోజు తిరునాళ్లే. మిగతా రోజుల్లో మేము యాహూలో ముక్కూ మొహం తెలియనివాళ్లతో కబుర్లు చెప్పాము, ఆర్కుట్‌లో స్నేహితులను లెక్కబెట్టుకున్నాము. మా నాన్నగారు ఒకరోజు నెట్ సెంటర్ దాకా వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోయారు. ఆర్కుట్ 2014లో మూతపడింది, యాహూ మెసెంజర్ 2018లో పోయింది. ఆ కుర్రవాళ్లమే ఇప్పుడు తండ్రులమై, "ఎప్పుడు చూసినా ఫోనేనా?" అని మా పిల్లలమీద కేకలు వేస్తున్నాము. వయసును బట్టి వాడకం మారుతుందని అంటాము గాని, వయసుతోపాటు మనిషీ మారతాడు, మరచిపోతాడు కూడా. అమెరికాలో 2014-15లో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో నూటికి 71 మంది ఫేస్‌బుక్ వాడేవారట. 2024కు అది 32కు పడిపోయింది. నాన్నలు, మామలు చేరిన చోటుకు పిల్లలు రారు. మావాడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాడు. మేము అందులో చేరితే ఇంకెక్కడికో పోతాడు. మేము చేరలేదు.

ఇప్పుడు నడివయసువాళ్ల ఫోను అంటే దుకాణం, బ్యాంకు, ఆఫీసు. 2016లో రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, సెప్టెంబరు 5న జియో వచ్చింది. మరుసటి మార్చి దాకా డేటా ఉచితమన్నారు. అంతవరకు పొదుపుగా వాడుకున్న ఇంటర్నెట్ ఒక్కసారిగా కుళాయి నీళ్లయింది. టమోటా వేసిన మన సోదరులు తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టు ధర ఫోనులో చూసుకుంటారు. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటిన రోజుల్లో కాయ కోయాలా, ఇంకొక రోజు ఆగాలా అన్నది ఆ ఫోనే తేల్చింది. ఆదాయ ధ్రువపత్రం, కరెంటు బిల్లు, హజ్ దరఖాస్తు అన్నీ అందులోనే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే ఎన్నో సేవలు పెట్టింది. మాకు సరదాకు టైము లేదని కాదు. రాత్రి పదకొండుకు మేము చూసే వీడియోల సంగతి ఈ సభలో చెప్పము.

ఆడవాళ్ల విషయం వయసు లెక్కలో కలిసిపోకూడదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 21 మందే ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు. మగవాళ్లలో 48.8. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో అది 33.3. అంటే మనం దేశం కంటే వెనుక ఉన్నాము. అప్పటికీ ఇప్పటికీ మారి ఉంటుంది, మంచిదే. కానీ మన ఇళ్లలో ఇంకా జరిగేది ఒకటుంది. ఇంటర్ చదివే కొడుకు చేతిలోని ఫోనులో ఏముందో అడిగేవాళ్లు లేరు. అదే ఇంట్లో, అదే చదువు చదివే కూతురుకు ఫోను ఇస్తే చెడిపోతుందని ఇవ్వరు. ఆ పిల్ల అన్న ఫోను ఖాళీగా ఉన్నప్పుడు, రాత్రి, వంటింటి వెలుతురులో లెక్కల పాఠం చూసుకుంటుంది. 2020 మార్చిలో బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు ఎవరి చదువు ఆగిందో మీ మీ ఇళ్లలో మీరే లెక్క వేసుకోండి. ఈ మాట కొందరికి రుచించదు. అయినా చెప్పాము.

పిల్లల విషయానికి వస్తే, వాళ్లు ఇంటర్నెట్‌ను వాడరు, అందులో ఉంటారు. మనం పనిబడి బజారుకు పోతాము, వాళ్లకు అది వీధి అరుగు. ఆట అక్కడే, పాఠం అక్కడే, అలక అక్కడే. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. పిల్లలు వారం తిరక్కుండానే వేరే చోటుకు మారారు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటి ఆటలను మన రాష్ట్రం 2020 సెప్టెంబరులో నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే వద్దన్నారు. చట్టాలు మంచివే. అయితే చట్టం గుమ్మం దాకా వస్తుంది, దుప్పటి కిందకు రాదు.

ఇప్పుడు ఆ "పంపిన మనిషిని చూడటం" అనే దగ్గరికి మళ్లీ వస్తాము.

2018 మే నెలలో, మనకు దక్షిణాన వేలూరు దాటితే వచ్చే తిరువణ్ణామలై జిల్లాలో, పోలూరు దగ్గర, కులదైవం గుడికి బయలుదేరిన ఒక కుటుంబం దారిలో ఆగి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని అప్పటికే వాట్సాప్‌లో తిరుగుతోంది. జనం చుట్టుముట్టి కొట్టారు. 65 ఏళ్ల ఆడమనిషి ప్రాణం పోయింది. అదే పుకారు మన జిల్లాలోనూ తిరిగింది, మన ఫోన్లలోనూ వచ్చింది. పంపినవాళ్లు దుర్మార్గులా? కాదు. మనవలమీద ప్రేమ ఉన్న తాతలు, అవ్వలు. తెలిసినవాళ్లు పంపారు కాబట్టి తెలిసినవాళ్లకు పంపారు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. తెలంగాణలో గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఇంకొక దారి పట్టారు. పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు వేయించి, పాటలు పాడించి, వచ్చిన ప్రతి కబురూ నిజం కాదని చెప్పించారు. ఫోనులో వచ్చిన జబ్బుకు డప్పుతో మందు! అది మాకు చాలా నచ్చింది.

అమెరికాలోనూ ఇంతే. 2016 ఎన్నికల నాటి ఫేస్‌బుక్ వాడకాన్ని పరిశోధకులు పరిశీలించి 2019లో ప్రచురించారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తప్పుడు వార్తలు పంచనే లేదు. కానీ 65 దాటినవాళ్లు, అందరికంటే చిన్న వయసువాళ్లకంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా అటువంటి వార్తలు పంచారు. చదువు వల్లనా, పార్టీ వల్లనా అని చూస్తే, వాటిని లెక్కలోకి తీసుకున్నా వయసు తేడా అట్లాగే నిలిచింది. చదువుకున్న అమెరికా తాత కూడా మన మస్తాన్ మేస్త్రీని నమ్మినట్లే నమ్ముతాడన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. ఇది మా తండ్రిగారి అనుమతితో చెబుతున్నాము. ఆయన ఈ సభలోనే, రెండో వరుసలో ఉన్నారు. "చెప్పు, నలుగురికీ తెలియనీ" అని ఆయనే అన్నారు.

మా తండ్రిగారు రిటైరైన ఉపాధ్యాయులు. పెన్షన్ తీసుకునేవాళ్లు ఏటా బతికి ఉన్నట్లు రుజువు చూపాలి కదా. పాత రోజుల్లో స్వయంగా పోయి నిలబడేవారు. 2014 నుంచి వేలిముద్రతో ఫోను ద్వారా చూపవచ్చు, 2021 నుంచి ముఖం చూపినా చాలు. ఆయన వేళ్ల గీతలు అరిగిపోయాయి, మిషను పట్టదు, కాబట్టి ఆయనకు ఏటా అదొక బెంగ. నిరుడు నవంబరులో ఒకడు ఫోను చేశాడు. "అస్సలాము అలైకుమ్ చాచా" అన్నాడు. మన ఉర్దూలోనే ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మీ సర్టిఫికెట్టు ఆగిపోయింది, ఈ నెల పెన్షన్ రాదు, నేను పంపే యాప్ పెట్టుకుంటే ఇంట్లోంచే పని అయిపోతుంది అన్నాడు. వాట్సాప్‌లో ఏదో ఫైలు పంపాడు. ఆయన నొక్కారు. వాడు చెప్పినట్లు చేశారు. సాయంత్రానికి ఖాతాలోంచి 38,000 రూపాయలు పోయాయి.

మోసాలు అందరికీ జరుగుతున్నాయి, అది కాదు మేము చెప్పదలచింది. ఆయన ఆ సంగతి పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సరిగ్గా తినలేదు. అడిగితే గ్యాస్ అన్నారు. పదకొండో రోజు రాత్రి చెప్పారు, అదీ మాకు కాదు, మా అబ్బాయికి. వాడు పొద్దున మా దగ్గరకు వచ్చి, "అబ్బా, మీరు కోప్పడనంటేనే చెబుతా" అన్నాడు.

డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆ ఫిర్యాదు డబ్బు ఏ ఏ బ్యాంకుల గుండా పోయిందో వాటికి చేరుతుంది. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే అక్కడే నిలిపివేస్తారు. మోసగాళ్లు దాన్ని గంటల్లో నాలుగైదు ఖాతాలకు మార్చేస్తారు కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కే. మేము చేసింది పన్నెండో రోజు. పైసా తిరిగి రాలేదు.

ఎందుకు చెప్పలేదని అడిగాము. ఆయన తల వంచుకుని, "ఏమని చెప్పేది నాయనా? నీకెందుకు ఈ ఫోను, నీకు తెలియదు కదా అంటావు" అన్నారు. మేము ఎప్పుడు అన్నామో గుర్తు లేదు. కానీ అన్నాము, ఒకసారి కాదు. ఫోను చేతిలోంచి లాక్కుని, "ఇట్లా ఇవ్వండి, మీకు రాదు" అని మేమే నొక్కేసిన రోజులు ఎన్నో. నలభై ఏళ్లు పిల్లలకు ఓపికగా అక్షరాలు దిద్దించిన మనిషికి, ఓటీపీ అంటే ఏమిటో మేము ఒక్కసారి కూడా కూర్చోబెట్టి చెప్పలేదు.

అంతటితో అయిపోలేదు. ఆ రోజు మా అబ్బాయి ఇంకొక మాట చెప్పాడు. అంతకు మూడు నెలల ముందు, వాడు ఆడే ఆటలో ఎవరో పరిచయమై, స్నేహితుడినని చెప్పి, తర్వాత వాడి ఫోటో అడిగి, ఇవ్వకపోతే నీ ఖాతా పోతుందని బెదిరించాడట. వాడు ఇవ్వలేదు, అల్లాహ్ దయ. కానీ నెలరోజులు భయపడ్డాడు. మాకు ఎందుకు చెప్పలేదంటే, "ఫోను లాక్కుంటారు" అన్నాడు. ఎవరికి చెప్పావురా అంటే, "దాదాకు" అన్నాడు. ఆ పెద్దాయనకు ఆట గురించి ఏమీ తెలియదు. ఆయన అడిగింది ఒకటే: "వాడెవరు? ఎవరి పిల్లవాడు? ఏ ఊరు?" మావాడు జవాబు చెప్పలేకపోయాడు. అప్పుడు వాడికి తెలివి వచ్చి ఆ మనిషిని అడ్డగించేశాడు.

చూడండి, పెద్దాయనకు తెరవెనుక యంత్రం తెలియదు. పిల్లవాడికి తెరవెనుక మనిషి తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు సరిగ్గా సరిపోయారు. ఇద్దరూ దాచింది మధ్యలో ఉన్న మా దగ్గర. బిల్లులు కట్టేది మేము, రీచార్జి చేసేది మేము, అన్నీ తెలుసనుకునేది మేము. ఆ ఇద్దరికీ ఇంటర్నెట్‌లో దొంగ కంటే ఇంట్లో మా కోపమే పెద్ద భయమైంది. ఈ మాట చెప్పటానికి మాకు సిగ్గుగానే ఉంది.

అప్పటినుంచి ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకున్నాము. ఫోనులో ఏ తప్పు జరిగినా, ఆ రోజే చెప్పినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు, ఫోను లాక్కోకూడదు. మా తండ్రిగారు దీన్ని ఉర్దూలో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించారు. మొన్న మేమే ఒక తప్పు చేశాము. ఏదో కొరియరు వచ్చిందని మెసేజి వస్తే నొక్కబోయి, ఆఖరి నిమిషంలో ఆగాము. రాత్రి భోజనాల దగ్గర మేమూ చెప్పాము. మా అమ్మ నవ్వి, "నీకెందుకు ఈ ఫోను?" అంది.

సంఘం తరఫున ఒక విన్నపం. వచ్చే ఆదివారం నుంచి అసర్ నమాజు తర్వాత సంఘం గదిలో ఒక గంట కూర్చుందాం. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు పది మంది పేర్లు ఇచ్చారు. ఆడవాళ్లకు అదే రోజు ఉదయం పదకొండుకు, నేర్పేది అమ్మాయిలే. షరతు ఒక్కటే: పెద్దవాళ్ల చేతిలోంచి ఫోను తీసుకుని మీరు నొక్కకూడదు. వాళ్ల వేలితో వాళ్లే నొక్కాలి, ఎంతసేపు పట్టినా సరే. పోలీసు యూనిఫారం వేసుకుని వీడియోలో కనిపించి 'డిజిటల్ అరెస్ట్' అనేవాళ్ల గురించి మొదటి వారమే చెబుదాం. అటువంటి అరెస్టు చట్టంలో ఎక్కడా లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో చెప్పారు. రెండో వారం పెద్దలు మాట్లాడతారు, పిల్లలు వింటారు. కువైట్ క్యాసెట్టు ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది, వినిపించే టేపు రికార్డరు ఎవరింట్లోనైనా పనిచేస్తుంటే దయచేసి తీసుకురండి.

మస్తాన్ మేస్త్రీ గారు మొదటి వరుసలో కూర్చుంటామని మాట ఇచ్చారు. వచ్చేవాళ్లు ఫోను ఛార్జింగు పెట్టుకుని రండి, కళ్లద్దాలు మరచిపోవద్దు. కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, బిర్యానీ దించినట్లున్నారు. సెలవు.